పొట్టేలు ఎముకకు ఊరి పేరు రాయండి

పన్ను పీకిన చోట ఇంప్లాంట్ వేయడానికి దవడ ఎముక చాలకపోతే డాక్టర్లు తెల్లటి రవ్వలాంటిది నింపుతారు. చాలాసార్లు అది విదేశాల్లో శుద్ధిచేసిన ఆవుజాతి ఎముక. దాన్ని మన రాయలసీమ పొట్టేలు ఎముకతో మనమే చేసుకోవాలన్నది నా వాదన.

తొడ ఎముక కొనల్లో స్పాంజిలాంటి భాగం ఉంటుంది. మూలుగు, కొవ్వు, రక్తం కడిగేసి, డిటర్జెంట్ ద్రావణాలతో కణాలను తొలగిస్తే కొల్లాజెన్ అనే మాంసకృత్తు, ఖనిజం కలిసిన అల్లిక మిగులుతుంది. 600 డిగ్రీలు దాటించి కాలిస్తే కొల్లాజెనూ పోతుంది. అప్పుడు రోగభయం తగ్గుతుంది గానీ ఎముక పెళుసవుతుంది. ఆ సన్నటి రంధ్రాల్లోకి రోగి కణాలు, రక్తనాళాలు పాకి కొత్త ఎముక కడతాయి. మేస్త్రీకి పరంజా ఎలాగో కణాలకు ఇది అలాగ.

జంతువుల రోగాలు అంటుకుంటాయని, కొందరి మనసు నొచ్చుకుంటుందని అభ్యంతరాలున్నాయి. మొదటిదానికి ఆరోగ్యమైన మంద, క్షారశుద్ధి, గామా కిరణాలు ఉన్నాయి. రెండోదానికి, ఏ జంతువుదో రోగికి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

నా దిగులు నీళ్ల గురించి. ఫ్లోరైడ్ ఎముకను ఏం చేస్తుందో అనంతపురం జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లల పళ్లు గారపట్టిన ఊళ్లో గొర్రె తాగేదీ ఆ బోరునీళ్లే. మనిషి తాగే నీటికైతే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుంది, గొర్రె తొట్టిని కొలిచేదెవరు? ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడ్ దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలోనే చేరుతుంది. ఖనిజంలోనే కలిసిపోతుంది కాబట్టి కడిగితే పోదు, పైగా ఆ ఖనిజాన్ని తొందరగా కరగనివ్వదు. గోడ లేచాక పరంజా విప్పాలి కదా! వయసుతోపాటు ఫ్లోరైడూ పేరుకుంటుంది కాబట్టి ఏడాదిలోపు పొట్టేలు, ముసలి గొర్రె ఒకటి కావు. అందుకే ప్రతి ఎముకకూ ఊరి పేరు, వయసు, నీటి పరీక్ష ఉండాలి.

ఈ పని ఇక్కడివాళ్లే చేయాలి. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్ ఖనిజం) లారీలెక్కి ఓడలెక్కి పోయింది. దాన్నుంచి పుట్టే సరుకు ఇంకెక్కడో తయారైంది. సీమ అంటే ముడిసరుకు గోదాము అన్న లెక్క ఎముకతోనైనా ఆగాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, కర్నూలులో వైద్య కళాశాల, అనంతపురంలో జేఎన్‌టీయూ ఉన్నాయి. గొర్రెను ఎరిగినవాళ్లు, విరిగిన కాలును ఎరిగినవాళ్లు, కొలిమిని ఎరిగినవాళ్లు ఒకచోట కూర్చోవాలి. మొదటి పనికి కొత్త భవనం అక్కర్లేదు. కబేళాల నుంచి ఊరి పేరు రాసిన తొడ ఎముకలు తెప్పించి, ఫ్లోరైడ్ కొలిచి, ఆ పట్టిక అందరికీ కనపడేలా పెట్టండి. ఈ ఏడాదే.