మామూలే, తీసేద్దాం

నలభై దాటిన ఆడవాళ్ళ ఒంటికి మన దగ్గర రెండే వైద్యాలు. ఒకటి 'ఈ వయసులో మామూలే'. రెండోది 'తీసేద్దాం'. ఇంతటి పొదుపైన వైద్యశాస్త్రం మరో చోట దొరకదు.

మొదటిది పైసా ఖర్చు లేనిది. ముట్లుడిగే వయసులో అర్ధరాత్రి మెడా ముఖం భగ్గుమంటాయి, జాకెట్టు తడిసిపోతుంది, ఫ్యాను పెంచిన రెండు నిమిషాలకే చలి పుడుతుంది. ఓపీలో చెప్పుకుంటే బీ కాంప్లెక్స్ బిళ్ళలు, టెన్షన్ పడొద్దన్న సలహా. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గితే ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం చిన్న తేడాకే కంగారుపడి చెమట పట్టిస్తుందని చెప్పొచ్చు. చెప్తే ఆవిడ ఇంకో ప్రశ్న అడుగుతుంది, బయట ముప్పై మంది కూర్చున్నారు. మందుగా హార్మోన్లు ఇచ్చే మాటెత్తితే 'అమ్మో, క్యాన్సర్!' ఇది 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన హార్మోన్ మందుల పరిశోధన తాలూకు భయం. అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63 అన్న ముక్క మాత్రం ఇక్కడిదాకా రాలేదు. అరవై లోపువాళ్ళకి, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటివి లేకపోతే, మామూలుగా లాభమే ఎక్కువ.

రెండో వైద్యంలో మనం దేశానికే దారి చూపించాం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో వందకు ముగ్గురైతే తెలంగాణలో ఎనిమిది మంది, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. అనవసరంగా తీయకుండా కేంద్రం మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలుచేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కోర్టుకి మన తొందర తెలిసినట్టు లేదు.

రక్తస్రావం ఎక్కువైతే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్ చూడాలి. 45 దాటితే గర్భసంచి లోపొర ముక్క తీసి పరీక్షించాలి. ఆ తర్వాత ముట్టు రోజుల్లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళలు, లేదా గర్భసంచిలో పెడితే ఐదేళ్ళకు తగ్గకుండా పనిచేసే హార్మోన్ లూప్. ఇదంతా నెలల పని, ఆపరేషన్ ఒక్క పూట పని. వారం రోజుల బిళ్ళలతో పోయే తెల్లబట్టకీ సంచే తీస్తారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినవాడు కనీసం ఫీజు అడగలేదు.

పనిలో పనిగా అండాశయాలూ పోతే, ఏళ్ళు పట్టాల్సిన ముట్లుడగడం ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. ముప్పై ఐదేళ్ళ మనిషికి ఎముకలు, గుండె కోసం సహజంగా ముట్లాగే వయసుదాకా హార్మోన్లు ఇవ్వాలి. చీటీలో ఉండేది నెలకు సరిపడా క్యాల్షియం.

అసలు తొందరపడాల్సిన చోటు ఒకటుంది. ముట్లాగిపోయి ఏడాది దాటాక మళ్ళీ చుక్క రక్తం కనిపించినా స్కానింగ్ తీయాలి, లోపొర 4 మిల్లీమీటర్లు మించితే ముక్క పరీక్షకు పంపాలి. సరిగ్గా అక్కడే మొదటి వైద్యం బయటికొస్తుంది: 'వేడి చేసుంటుందిలే, మజ్జిగ తాగు.'

తీసిన సంచిని స్టీలు ట్రేలో పెట్టి, థియేటర్ తలుపు సందులోంచి భర్తకి చూపిస్తారు. 'చూశారుగా, ఎంత పాడైపోయిందో.' బాగున్నది ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. గంభీరంగా తలూపుతాడు. ఫార్మలిన్ సీసాలో ల్యాబుకి వెళ్ళాల్సిన ఆ సంచి, ఆ తలూపుడే రిపోర్టుగా, చెత్తబుట్టకి వెళ్తుంది.