పరిధి దాటిన తీర్మానం గారికి

ఆర్యా,

కార్యవర్గంలో మీకున్నంత పలుకుబడి ఇంకెవరికీ లేదు. ఆఫీసుకు ప్రింటర్ కొనాలా వద్దా అని గంటసేపు కొట్టుకునే పెద్దలు, మీరు వచ్చేసరికి రెండు నిమిషాల్లో ఒక్కటైపోతారు. ప్రతిపాదించేవారు లేచేలోపే బలపరిచేవారు లేచి నిలబడతారు. ఏకగ్రీవం, చప్పట్లు. కారణం తెలిసిందే. ప్రింటర్ కొంటే రేపు అది పనిచేయాలి, లేకపోతే కొన్నవాళ్లను అడుగుతారు. మీరు పనిచేయాలని ఎవరూ ఆశించరు.

మీలోనూ రెండు రకాలున్నారు. ఒకరు సంస్థ లక్ష్యాలతో ఏ సంబంధమూ లేకుండా ప్రపంచ సమస్యలను ‘తీవ్రంగా ఖండించే’ రకం. వారివల్ల నష్టం తక్కువే, టీ చల్లారిపోతుంది, అంతే. భయమంతా రెండోవారితోనే. సభ్యత్వ రుసుము పెంచడం, బైలా, అంటే సంస్థ నియమావళి, మార్చడం సర్వసభ్య సమావేశం చేయాల్సిన పనులని అదే బైలాలో రాసి ఉన్నా, కార్యవర్గం గదిలోనే తేల్చేస్తారు చూడండి, వారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ అల్లుడికి కోరం కూడా ఉంటుంది.

హెన్రీ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజనీరు 1863లో ఒక సభకు అధ్యక్షత వహించి, దాన్ని నడపలేక తంటాలు పడ్డారు. ఆ అనుభవంతో 1876లో సభా నియమాల పుస్తకమే వేశారు. ఆ సంప్రదాయంలో మీకు మర్యాద బొత్తిగా తక్కువ. సంస్థ లక్ష్యాలకు బయటి విషయమైతే మూడింట రెండొంతుల మంది సరేనంటే తప్ప చర్చకే రాకూడదు. బైలాకు విరుద్ధమైతే అదీ లేదు, అధ్యక్షుడు ‘ఇది క్రమంలో లేదు’ అని పక్కన పెట్టాలి. ఆయన మొహమాటపడితే ఏ సభ్యుడైనా పాయింట్ ఆఫ్ ఆర్డర్, అంటే నియమం తప్పిందన్న అభ్యంతరం, లేవనెత్తవచ్చు. దానికి బలపరిచే మనిషి కూడా అక్కర్లేదు. అధ్యక్షుడి రూలింగ్ నచ్చనివారు సభకే అప్పీలు చేసుకోవచ్చు. ఓట్లు సమానంగా చీలితే ఆయన మాటే నిలుస్తుంది.

ఇంత ఏర్పాటున్నా మీకు అడ్డొచ్చినవారు నాకు కనబడలేదు. అడిగితే పక్కవాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఒకటుంటుంది కదా! అందరూ ఒప్పుకున్నాక ఇక తిరుగేముంది అనుకుంటారు. మామూలు పొరపాటైతే అభ్యంతరం అప్పటికప్పుడే చెప్పాలి. బైలాను తొక్కేసిన తీర్మానంపై మాత్రం తర్వాతైనా లేవనెత్తవచ్చు, ఎందుకంటే ఏకగ్రీవమైనా అది చెల్లనిదే. చప్పట్లు కొట్టినవారు ఈ మాట వింటే నొచ్చుకుంటారు.

కంపెనీల లోకంలో మీ అన్నగారికి 1875లోనే పరాభవం జరిగింది. రైలు పెట్టెలు తయారుచేసే యాష్‌బరీ కంపెనీ, బెల్జియంలో రైలు మార్గం వేయించడానికి ఒప్పందం కుదుర్చుకుంది. కంపెనీ పత్రంలో ఆ అధికారమే లేదు కాబట్టి, వాటాదారులంతా కలిసి తర్వాత ఆమోదించినా ఆ ఒప్పందం చెల్లదని బ్రిటన్‌లో అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. యజమానులే తలూపినా లాభం లేకపోయింది. కార్యవర్గం తలూపితే ఎంత?

మీరు బతికి బట్టకట్టే దారి ఒకటుంది. ‘నిర్ణయించడమైనది’ అన్నచోట ‘సర్వసభ్య సమావేశానికి సిఫార్సు చేయడమైనది’ అని రాయించుకోండి. సిఫార్సు చేయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. చప్పట్లు మాత్రం సగానికి పడిపోతాయి, అది మీరే తట్టుకోవాలి.

ఇంకో విన్నపం. ప్రతిసారీ ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’ కింద, అందరూ చెప్పులు వెతుక్కునే వేళకు రాకండి. ఈసారి ఎజెండాలోనే ముందుగా కనబడండి. బైలా కాపీ ఏ బీరువాలో ఉందో వెతకడానికి మాకూ కాస్త టైము కావాలి.

ఇట్లు,
మిమ్మల్ని మినిట్స్‌లోకి ఎక్కించే సభ్యుడు