చార్టర్ బడుల ర్యాంకు పట్టిక గారికి

మహారాజశ్రీ ర్యాంకు పట్టిక గారికి, అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఒక తెలుగు తండ్రి నమస్కరించి వ్రాయునది.

టీవీలో ‘ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని అరిచే ర్యాంకుల ప్రకటనలకు దడిసి దేశం దాటినవాళ్లం. ఇక్కడికి వచ్చి చూస్తే తమరు ముందే తిష్ఠ వేసి ఉన్నారు. ఇప్పుడు ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా ప్రసాదం కంటే ముందు తమరి స్క్రీన్‌షాటే అందుతోంది.

అరిజోనా 1994లో చార్టర్ చట్టం చేసింది. చార్టర్లంటే సర్కారు సొమ్ముతో, ఫీజు లేకుండా, విడి యాజమాన్యాల కింద నడిచే బడులు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ. అంతా సమానమే! కాకపోతే చాలా బడులకు బస్సు ఉండదు. మధ్యాహ్నం ఎండలో, గేటు బయట కార్ల వరుసలో ఏసీ వేసుకుని కూర్చోగల తల్లో తండ్రో ఉన్న పిల్లలకే ఆ సమానత్వం. గంటల లెక్కన కూలి తీసుకునే అమ్మ ఆ వేళకు ఎలా వస్తుంది? ఆమె తమరి గళ్లలో ఎక్కడా లేదు.

చదువు బరువు మోయలేక మధ్యలోనే మామూలు సర్కారు బడికి, అంటే జిల్లా బడికి, వెళ్లిపోయిన పిల్లలూ లేరు. జాతీయ ర్యాంకుల్లో హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల లెక్క పన్నెండో తరగతి దాకా మిగిలినవారితోనే కదా! చెరిగిన గింజలు మీ గాదెలో పోసుకుని, మిగిలింది పక్కింటి వాకిట్లో పోసి, ‘వాళ్ల పంట చూడండి, ఎంత అధ్వాన్నమో’ అంటే ఎలా?

స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో అనే విద్యా పరిశోధన బృందం మీలా తొందరపడలేదు. ప్రతి చార్టర్ విద్యార్థికీ పాత మార్కుల్లో, ఆర్థిక స్థితిలో ఈడైన జిల్లా బడి విద్యార్థులను చూసి పోల్చింది. 2009లో గణితంలో 17 శాతం చార్టర్లు మెరుగు, 37 శాతం నాసి, మిగతావాటికి తేడా లేదు. 2023 నాటికి నయం: ఏడాదికి చదవడంలో 16 రోజులు, గణితంలో 6 రోజుల చదువు అదనం. ఆరు రోజులు! మా ఊళ్లో దసరా సెలవులే అంతకంటే ఎక్కువ. పైగా బాగా లాభపడినవారు పేద నల్లజాతి, హిస్పానిక్ పిల్లలట. మా వాట్సాప్ గుంపులో ఆ మాట ఎవరూ పంపలేదు.

చిన్న మనవి. ఆరో తరగతిలో చేరినవారిలో పన్నెండు దాకా ఎందరు నిలిచారో చెప్పే గడి ఒకటి కలపండి. ఆ గడితో మొదటి స్థానం ఎవరిదవుతుందో చూడాలని ఉంది.

ఇట్లు,
తమరి నిరీక్షణ జాబితాలోని ఒక తండ్రి