కారం దోశకు పేటెంటు ఇవ్వాల్సిందే

కడప ఏడురోడ్ల దగ్గర రోజూ సాయంత్రం ఒక జీవశాస్త్ర ప్రయోగం జరుగుతుంది. ప్రయోగశాలకు నాలుగు చక్రాలుంటాయి. మాస్టరు దోశకు ఎర్రకారం పట్టించి, పప్పులపొడి చల్లి, బెంచీ మీద కూర్చున్న జీవికి ఇస్తాడు. కారంలోని క్యాప్సైసిన్ నాలుక నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్‌ను, అంటే ఘాటును పసిగట్టే ప్రొటీన్‌ను, తాకుతుంది. కళ్ల నీళ్లు కారితే ఫలితం వచ్చినట్టే.

1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఆ రిసెప్టర్‌ను పట్టుకున్నది కూడా ఇంచుమించు ఇట్లాగే. నరాల జన్యువులను వేరే కణాల్లో పెట్టి, క్యాప్సైసిన్ పోసి, ఏ కణంలో కాల్షియం పెరుగుతుందో చూశారు. 2021లో నోబెల్ వచ్చింది. మా మాస్టరుకు ఫోను కూడా రాలేదు.

కనీసం పేటెంటన్నా వేయమన్నాను. అడ్డమల్లా ఒక్కటే. మన 1970 చట్టం ప్రకారం, ఆ విద్య తెలిసిన మనిషికి ఇట్టే తట్టేదైతే అది ఆవిష్కరణ కాదు. ఈ మనిషిని ఎవరూ చూడలేదు, కోర్టులు తప్ప. 2007లో కేఎస్ఆర్ అనే కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆయన మరబొమ్మ కాదని, కాస్త సొంత బుర్ర కూడా ఉంటుందని తేల్చింది. గొడవ కారు పెడల్ గురించి లెండి.

అసలు మాకు అక్కరకొచ్చే కేసు సిబియా అనే అమెరికా కంపెనీది. కణంలోకి బయటి రిసెప్టర్ జన్యువును ఎక్కించి, దానికి మందు తగిలితే చాటింపు వేయడానికి ఇంకో జన్యువును పెట్టే పరీక్ష వాళ్లది. కాడస్ అనే ఇంకో కంపెనీ తమ పద్ధతి వాడిందని సిబియా దావా వేస్తే, జ్యూరీ కోటీ 85 లక్షల డాలర్లు ఇప్పించింది. 2000లో అప్పీలు కోర్టు అదంతా కొట్టేసింది. కణం తన సొంత రిసెప్టర్‌తో చాటింపు వేయడం పాత సంగతే, బయటిది ఎక్కించడం ఆ విద్య తెలిసినవాడికి తట్టదా అంది. ముడి విప్పి చూపించాక అది ముడే కాదనడానికి ఎంతసేపు?

ఇంకో వింత. ఆ సిబియా పేటెంటు నంబరు 54,01,629. గాయాలకు పసుపు వాడడం మీద అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ వాళ్లకిచ్చిన పేటెంటు 54,01,504. రెండూ 1995 మార్చి 28న ఒకే కట్టలో వచ్చాయి. పసుపు పేటెంటును 1997లో మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ రద్దు చేయించింది. మైదుకూరులో ఏ అవ్వనడిగినా ఆ పూటే తేలిపోయేది, విమానం టికెట్టు మిగిలేది.

ఇదంతా చెప్పి అర్జీ రాయబోతుంటే ఎదురు బండాయన అభ్యంతరం లేవదీశాడు.

"దోశకు కారం పూసేదానికి పేటెంటేందప్పా? ఎవురికైనా తట్టేదే కదా!"

ఆయన మూడు నెలలు ఈ బండి దగ్గరే తిని, నిరుడు సొంత బండి పెట్టుకున్నాడు.

నిపుణుడి సాక్ష్యం నన్ను చెప్పమన్నారు. రెండు బండ్ల దోశలూ తిన్నాను. సాక్ష్యం వాయిదా వేసి మంచినీళ్లు అడిగాను.