ఫేక్ అని చెబితే చాలదు, ఎందుకో చూపించాలి

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో ఒక వీడియో దేశమంతా పాకింది. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపుతారు. ఆ ముక్కను ఎవరో కోసేశారు. ఇలాంటి పుకార్ల వేడిలోనే ఆ జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని జనం కొట్టి చంపారు. తెలంగాణలోనూ కొత్తగా కనిపించినవారి మీద దాడులు జరిగాయి. గద్వాల వైపు పోలీసులు జానపద పాటలతో ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది.

ఆ వీడియోలో కనిపించేదేదీ గ్రాఫిక్స్ కాదు. మోసమంతా కోసేసిన భాగంలో ఉంది. దాన్ని చూసి ఏఐ ‘ఇది ఫేక్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, బిడ్డ కోసం భయపడుతున్న తల్లి ఎందుకు నమ్మాలి?

అందుకే ఎక్స్‌ప్లెయినబుల్ ఏఐ, అంటే కారణం చెప్పే ఏఐ, నాకు ముఖ్యమనిపిస్తుంది. 2016లో వచ్చిన లైమ్ అనే పద్ధతి వార్తలోంచి కొన్ని మాటలు తీసేసి, మోడల్ (అంటే వార్త నిజమో ఫేకో తేల్చే ఏఐ ప్రోగ్రామ్) తీర్పు మారుతుందేమో చూస్తుంది. ఏ మాట తీస్తే తీర్పు తారుమారవుతుందో, మోడల్ ఆధారపడింది దాని మీదే అన్నమాట. మరుసటి ఏడాది వచ్చిన షాప్ పద్ధతి ఒక్కో మాటకు ఎంత వాటా ఉందో లెక్కగడుతుంది.

ఇవి ముందుగా పట్టించేది మోడల్ తొక్కే అడ్డదారినే. మోడల్‌కు నేర్పడానికి పరిశోధకులు విరివిగా వాడే నిజమైన, ఫేక్ వార్తల సేకరణ ఐసాట్ డేటాసెట్‌లో నిజమైన వార్తలన్నీ రాయిటర్స్ వార్తాసంస్థ నుంచి తీసుకున్నవి. చాలావాటి మొదట్లోనే ఆ సంస్థ పేరుంటుంది. దాంతో మోడల్ అబద్ధాన్ని గుర్తించడం నేర్చుకోకుండా, ఆ పేరుంటే నిజం, లేకపోతే ఫేక్ అని బట్టీ పట్టేయగలదు. పరీక్షలో నూటికి నూరు దగ్గరగా మార్కులొస్తాయి, బయట అక్కరకు రాదు. కారణం అడగకపోతే ఆ మార్కులు చూసి మనమూ మురిసిపోతాం.

వ్యాప్తి సంగతి ఇంకా చిక్కు. 2018లో ఎంఐటీ పరిశోధకులు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజంకన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. బాట్‌లు, అంటే మనిషి లేకుండా వాటంతటవే పోస్టులు పెట్టే ఖాతాలు, రెండింటినీ ఒకేలా పెంచాయి. తేడా తెచ్చింది మనుషులే. అబద్ధాల్లో కొత్తదనం ఎక్కువగా కనిపించింది. అయితే ఒకటి గట్టిగా చెప్పాలి: మోడల్ దేన్ని చూసి తీర్పిచ్చిందో షాప్ చెబుతుంది, జనం ఎందుకు పంచుకున్నారో చెప్పదు. ఈ రెంటినీ కలిపేసి ‘వ్యాప్తికి కారణం దొరికింది’ అని ప్రకటించడం తప్పు. దానికి ఫార్వర్డ్ చేసినవాళ్లనే అడగాలి.

పైగా వాట్సాప్ సందేశాలు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చదవలేకుండా ఉంటాయి. ఎవరి నుంచి ఎవరికి వెళ్లాయో బయటివాళ్లకు కనబడదు. పరిశీలనకు మిగిలేవి చాలావరకు అనుమానం వచ్చి ఫ్యాక్ట్‌చెకర్లకు (నిజానిజాలు తేల్చేవారికి) జనం స్వయంగా పంపినవే. అందులో తెలుగు సందేశాలు, ముఖ్యంగా ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు, మోడల్‌కు కొరుకుడుపడాలంటే వాటిని పోగుచేసి, ఎక్కడ మెలిక ఉందో మనుషులు గుర్తుపెట్టి ఇవ్వాలి. ‘చివరి భాగం కోసేశారు, అసలు వీడియో ఇదిగో’ అని అచ్చ తెలుగులో జవాబిచ్చే పరికరం కోసం యూనివర్సిటీలు, న్యూస్‌రూమ్‌లు కలిసి ఖర్చు పెట్టాల్సింది ముందు ఈ పనికే.