సాక్షిని చివరిదాకా చెప్పనివ్వాలి

వచ్చే నెల మన సంఘం సినిమా సాయంత్రానికి ‘స్టార్మ్’ వేద్దామని ప్రతిపాదించింది నేనే. 2009లో జర్మన్ దర్శకుడు హాన్స్ క్రిస్టియన్ ష్మిడ్ తీసిన సినిమా అది. పిల్లాపాపలతో కలిసి సరదాగా గడిపే రోజున అంత బరువైన కథ ఎందుకండీ అని కమిటీలో ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో బదులిస్తే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను.

మనలో చాలామంది వేసవిలో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం పక్కనున్న షెవెనింగెన్ సముద్రతీరానికి వెళ్తుంటాం. 1990లలో యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు జరిగిన యుద్ధాల్లోని నేరాల నిందితులను ఉంచిన జైలు ఆ షెవెనింగెన్‌లోనే ఉంది. వాళ్లను విచారించిన న్యాయస్థానం హేగ్‌లోని చర్చిల్‌ప్లైన్‌లో, ఒకప్పటి బీమా కంపెనీ భవనంలో నడిచింది. 1993లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానంతో పుట్టి, 161 మందిపై అభియోగాలు మోపి, 2017 డిసెంబరు 31న మూతపడింది. సినిమా కథ నడిచేది ఈ న్యాయస్థానంలోనే.

ప్రాసిక్యూటర్ హానా మేనార్డ్‌గా కెర్రీ ఫాక్స్ నటించింది. హానా నమ్ముకున్న ముఖ్య సాక్షి చెప్పినదాంట్లో అబద్ధం ఉందని బయటపడుతుంది. అతను ప్రాణం తీసుకుంటాడు. అతని సోదరి మీరా బెర్లిన్‌లో భర్తతో, కొడుకుతో కొత్త జీవితం కట్టుకుని ఉంటుంది. అన్న మాట పక్కన పెట్టినా, అసలు జరిగింది ఆమెకు తెలుసు, యుద్ధకాలంలో ఆ అత్యాచారం ఆమె మీదే జరిగింది. అనమారియా మారింకా ఆ పాత్రలో ఒక్కసారి కూడా గొంతు పెంచదు. మీరాను ఒప్పించడమే కష్టమనుకుంటే, ఒప్పుకున్న తర్వాత కోర్టుకే ఆమె మాట వినే తీరిక ఉండదు. గడువు దగ్గరపడింది, కేసు ముగించాలి, ఆ సంగతి అభియోగపత్రంలో లేదు. ముగింపు ఇక్కడ చెప్పను.

ఇదంతా సినిమా కోసం అల్లిన మలుపు అని కొట్టిపారేయలేం. మొదటి దశ విచారణలు 2008 నాటికి, మొత్తం పని 2010 నాటికి పూర్తిచేయాలని భద్రతా మండలి 2003లో ఆ న్యాయస్థానానికి నిజంగానే గడువు పెట్టింది. బోస్నియాలోని విషెగ్రాద్ పట్టణంలో 1992 జూన్‌లో రెండు ఇళ్లలో జనాన్ని బంధించి సజీవంగా తగలబెట్టిన నేరాల్లో సెర్బు సాయుధ ముఠా నాయకుడు మిలాన్ లూకిచ్‌కు 2009లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ ఊరి దగ్గరే విలీనా వ్లాస్ అనే వేడినీటి బుగ్గల హోటల్ ఉంది. యుద్ధకాలంలో అక్కడ స్త్రీలను నిర్బంధించి అత్యాచారాలు చేశారు. లూకిచ్‌పై 1998లోనే అభియోగాలు నమోదయ్యాయి, ఆ పత్రంలో అత్యాచారం మాటే లేదు. విచారణ మొదలవడానికి కొద్ది వారాల ముందు, 2008 జూన్‌లో, అత్యాచార అభియోగాలను చేర్చమని ప్రాసిక్యూటర్లు అడిగారు. న్యాయమూర్తులు కుదరదన్నారు.

నిందితుడికి తనపై మోపిన నేరమేమిటో ముందుగా తెలియాలి. ఆ హక్కును నేను తక్కువ చేయను, కాబట్టి ఆ న్యాయమూర్తులను తప్పుపట్టలేను. పదేళ్లపాటు ఆ అభియోగాన్ని కాగితం మీద పెట్టని ప్రాసిక్యూటర్ కార్యాలయాన్ని మాత్రం తప్పుపడతాను. నేరాల లోతు కొలవకుండా ముందే తేదీ నిర్ణయించిన భద్రతా మండలిని కూడా. ఆ హోటల్ మళ్లీ తెరిచారు. ఇప్పుడు అతిథులు అదే బుగ్గల్లో స్నానాలు చేస్తున్నారు.

సాక్షిని చివరిదాకా విన్నప్పుడు ఏమి జరిగిందో కూడా ఇదే న్యాయస్థానం చూపించింది. బోస్నియాలోనే ఉన్న ఫోచా పట్టణం కేసులో ముగ్గురికి 2001 ఫిబ్రవరి 22న 28, 20, 12 ఏళ్ల శిక్షలు పడ్డాయి. అత్యాచారాన్ని, స్త్రీలను బానిసలుగా ఉంచుకోవడాన్ని మానవాళిపై నేరాలుగా నిర్ధారించిన తీర్పు అది. నిందితుల్లో ఒకడు పన్నెండేళ్ల పాపను చెరబట్టి, ఆ తర్వాత అమ్మేశాడు. పాప మళ్లీ కనబడలేదు. సుమారు ఎనిమిదేళ్ల తర్వాత తల్లి సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. విచారణ సమయంలో ఆమె గొంతులోంచి వచ్చిన గుండెలు పిండే శబ్దాన్ని కూడా న్యాయమూర్తులు తీర్పు సారాంశంలో ప్రస్తావించారు. ఆ శబ్దాన్ని ఏ అనువాదకులూ ఇంగ్లీషులోకి, ఫ్రెంచిలోకి మార్చలేరు. అయినా అది తీర్పులోకి ఎక్కింది, ఎందుకంటే ఆమెను అక్కడ కూర్చోబెట్టి, ఆపకుండా విన్నారు.

అనువాదం అన్నాను కాబట్టి ఒక మాట. చాలా ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ న్యాయస్థానం గ్యాలరీలో అద్దం వెనుక కూర్చున్నాను. చెవుల్లో హెడ్‌ఫోన్లు. సాక్షి ఒక స్త్రీ. ఆమె తన భాషలో చెబుతుంటే నాకు ఇంగ్లీషులో ఒక మగ గొంతు వినిపించింది. అనువాదకులు ‘ఆమె అంటోంది’ అనరు, సాక్షి స్థానంలో నిలబడి ‘నేను’ అంటారు. ‘నేను తలుపు వేశాను’ అని ఆ మగ గొంతు నెమ్మదిగా అంది. అద్దం అవతల ఆమె నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఉంది, తాగలేదు. నాకు ఇప్పటికీ ఆ గ్లాసే గుర్తుంటుంది.

ఈ సినిమాకు తెలుగు ఉపశీర్షికలు రాసే పని పెట్టుకున్నాక నాకు కొత్త ఇబ్బంది ఎదురైంది. మీరాకు జరిగినదాన్ని తెలుగులో ఏమనాలి? మన పత్రికలు ఏళ్ల తరబడి ‘మానభంగం’ అని రాశాయి. నేరం చేసింది ఒకడైతే, మానం పోయింది ఆమెదని ఆ మాటే తీర్పు చెప్పేస్తోంది. ‘చెరచడం’లోనూ పాడైపోయింది ఆమే. మన భాషకే ఈ జబ్బు ఉందనుకోకండి. 1949 నాటి జెనీవా ఒప్పందం కూడా అత్యాచారాన్ని స్త్రీ గౌరవంపై దాడిగానే లెక్కవేసింది. ఫోచా తీర్పు ఆ దారి వదిలి, ఆమె ఇష్టపడిందా లేదా అన్నచోట నేరాన్ని నిలబెట్టింది. హేగ్‌లో న్యాయమూర్తులు అంత దూరం వచ్చాక మనం తెర కింద ‘మానభంగం’ అని రాసుకుంటే ఎలా?

అందుకే కమిటీ పెద్దలకు నా మనవి. సినిమా పెద్దవాళ్లకే వేద్దాం, పిల్లలకు పక్క గదిలో వేరే ఏర్పాటు చేద్దాం. తేదీ మాత్రం మార్చవద్దు. ‘అత్యాచారం’ అన్న మాట ప్రస్తుతానికి వాడుతున్నాను, అదీ వార్తల్లో అరిగిపోయినట్టుంది. మీరా నోట అది వస్తే రిపోర్టర్ మాట్లాడినట్టు ఉంటోంది. బెర్లిన్ వంటింట్లో నిలబడి ఒక తల్లి అనగలిగే తెలుగు మాట మీకు తోస్తే నాకు చెప్పండి. ఆమె మాట్లాడే చోట్లలో మూడు వరుసలు ఇంకా ఖాళీగా ఉంచాను.