ఆ వెయ్యి రూపాయలు కోడిది కాదు, కోడిపిల్లది

విజయనగరం, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. బతికున్న కోళ్ల ఎగుమతి ధర కేజీ వెయ్యి రూపాయలు దాటిందట, మన రైతుకు మాత్రం వందో నూటయాభయ్యో వస్తోందట. గల్ఫ్‌లో బతికున్న కోళ్లకే గిరాకీ అట. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నేరుగా పంపేయవచ్చట. డిపాజిట్ కట్టి పిల్లలను తీసుకుంటే, పెంచాక వాళ్లే కొంటారట. చివర్లో చిలకల ఎగుమతి గురించి కూడా ఓ మాట ఉంది. నాటుకోళ్లు పెంచే మా వీధి పిన్ని ఫోన్ పట్టుకొచ్చి "ఏటి బాబూ, నిజవేనా?" అని అడిగింది. డ్వాక్రా లోన్ తీసి కట్టేద్దామనుకుంటోంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వెయ్యి సంగతి. కస్టమ్స్ లెక్కల్లో బతికున్న కోళ్లు, బాతులు, టర్కీ కోళ్లు 0105 అనే పద్దు కింద వస్తాయి. ఆ పద్దులో 185 గ్రాములు మించనివి ఒక వరుసలో, మించినవి మరో వరుసలో ఉంటాయి. కోళ్లు 185 గ్రాముల లోపు ఎందుకుంటాయి? అవి ఒక రోజు పిల్లలు కాబట్టి. దేశాల మధ్య దూరప్రయాణం చేసే బతికున్న కోళ్లలో ఎక్కువ భాగం ఇవే. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే అట్టపెట్టెల్లో సర్ది విమానమెక్కిస్తారు. పొట్టలో మిగిలిన పచ్చసొన బలంతో రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతాయి.

ఒక్కో పిల్ల బరువు సుమారు 40 గ్రాములు. కేజీకి 25 పిల్లలు. పిల్ల 40 రూపాయలే అనుకున్నా కేజీ వెయ్యి అవుతుంది! ఇక బ్రీడర్ ఫారాల కోసం కొనే తల్లిజాతి పిల్లల ధర మామూలు పిల్లకు ఎన్నో రెట్లు. అవి కూడా కలిస్తే సగటు ఇంకా పైకి పోతుంది. మెసేజ్ రాసినవాళ్లు మొత్తం ఎగుమతి విలువను మొత్తం బరువుతో భాగించి, వచ్చిన అంకెను రెండు కేజీల బ్రాయిలర్‌కు తగిలించారు. మన షెడ్డు దగ్గరి లైవ్ రేటుతో దాన్ని పోల్చడం శుద్ధ తప్పు.

గల్ఫ్‌లో బతికున్న కోళ్లకే గిరాకీ అన్నదీ నిజం కాదు. అక్కడి సూపర్ మార్కెట్లలో బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చిన హలాల్ ఫ్రోజెన్ చికెన్‌దే పెద్ద వాటా. మన దేశం నుంచి ప్రధానంగా వెళ్లేది నామక్కల్ గుడ్లు. పెరిగిన కోళ్లు బతికుండగా సరిహద్దు దాటిన చోట దూరం తక్కువ. మలేషియా నుంచి సింగపూర్‌కు లారీల్లో వెళ్లేవి. 2022 జూన్‌లో తమ దేశంలో కొరత వచ్చిందని మలేషియా ఆ ఎగుమతి ఆపేసింది. నెలకు 36 లక్షల కోళ్ల వరకు ఆగిపోయి సింగపూర్ ఫ్రోజెన్ వైపు తిరగాల్సి వచ్చింది. పక్కదేశంతో నడిచే వ్యాపారానికే ఇంత టెన్షన్ ఉంది.

రాత్రిపూట లిఫ్టింగ్, అంటే ఫారం నుంచి కోళ్లను బండికెత్తడం చూసినవాళ్లకు విమానం మాట ఎంత గాలిమాటో తెలుస్తుంది. కొన్ని గంటల ముందే మేత ఆపేస్తారు. కాళ్లు పట్టి ట్రేల్లో వేస్తారు, కాటా పెడతారు, బండి కదులుతుంది. ఎండాకాలమైతే ఇచ్ఛాపురం దాటేలోపే కొన్ని చచ్చిపోతాయి, మిగిలినవి బరువు తగ్గుతాయి. అదే కోడికి విమానంలో గాలాడే పెట్టె, ఆ పెట్టె బరువుకూ కార్గో చార్జీ, పశువైద్య ధ్రువపత్రం, అవతలి దేశం అనుమతి, దిగాక క్వారంటైన్. ఇవన్నీ రన్‌వే కట్టగానే వచ్చేవి కావు.

అన్నిటికంటే పెద్ద అడ్డు బర్డ్ ఫ్లూ. మెసేజ్‌లో దాని ఊసే లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది బయటపడినప్పుడు తెలంగాణ మన కోళ్ల బండ్లను సరిహద్దులోనే ఆపింది. పక్క రాష్ట్రమే ఆపితే విదేశం ఆపకుండా ఉంటుందా? 2023లో కేంద్రం 26 పౌల్ట్రీ కంపార్ట్‌మెంట్లను, అంటే రోగం సోకకుండా విడిగా నడిపే ఫారాలను, బర్డ్ ఫ్లూ లేనివిగా ప్రకటించింది. అవి మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఉన్నాయి. ఆ 2023 జాబితాలో మన రాష్ట్రం లేదు. కోట్లు పెట్టి కట్టుదిట్టంగా నడిపే ఫారాలకే అంత తతంగం ఉంటే, పెరట్లో తిరిగే నాటుకోడికి ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు?

చిలకల మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. రామచిలకలను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వలస పక్షులను ఊరంతా కాపాడుకునే తేలినీలాపురం ఉన్న జిల్లాలో ఇలాంటి ఆశ పెట్టడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఇక డిపాజిట్, బైబ్యాక్ (పెంచాక వాళ్లే తిరిగి కొంటామనడం). ఇది పాత ఆటే. తమిళనాడు పెరుందురైలో ఈము పక్షుల పేరుతో వేలమంది దగ్గర డిపాజిట్లు తీసుకున్న వ్యాపారం 2012లో కుప్పకూలింది. పక్షులకు మేత వేసే దిక్కు కూడా లేకుండా పోయింది. అక్కడ అసలు కొనుగోలుదారుడు కొత్తగా చేరే పెంపకందారుడే. కొత్తవాళ్లు రావడం ఆగాక కొనేవాళ్లూ ఆగిపోయారు.

పిన్నికి నేను చెప్పింది ఒక్కటే: డబ్బు సంగతి తర్వాత, ముందు వాళ్లను మూడు కాగితాలు అడుగు. ఎగుమతిదారు కోడ్ నంబర్, విదేశీ కొనుగోలుదారు ఆర్డర్, ఆ దేశం ఇచ్చిన దిగుమతి అనుమతి. ఇప్పటికే ఫోన్‌పేలో కట్టేసినవాళ్లు ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, చాట్లు చెరిపేయకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.